ఏనాడూ జ్వరం రాని కోడలు

పెళ్లయిన ఏడో నెలలో పెయింటర్‌కి కళ్లు పచ్చబడ్డాయి. అన్నం సయించేది కాదు, నిచ్చెన ఎక్కితే కాళ్లు వణికేవి. హెపటైటిస్ బి అని తేలింది. ఆరు వారాలు మంచం పట్టాడు. కుట్టు ఫ్యాక్టరీలో పనిచేసే అతని భార్య షిఫ్టు దిగి రాగానే జావ కాచి, తాగేదాకా పక్కనే కూర్చునేది. డాక్టరమ్మ ఆమెకూ రక్తపరీక్ష రాసింది. "నాకేం రోగమండీ" అని వాయిదా వేసింది. "మా కోడలు ఉక్కుపిండం, తుమ్మగా కూడా చూళ్లేదు" అనేది అత్తగారు.

జబ్బుపడ్డ నాలుగో నెలకి అతని రక్తంలోంచి వైరస్ పోయింది. ఆరోజే డాక్టరమ్మ బలవంతం మీద ఆమె కూడా పరీక్ష చేయించుకుంది. వైరస్ ఉంది, ఎప్పటినుంచో ఉంది.

"నాకా? జ్వరమైనా రాలేదే!"

"అందుకేనమ్మా ఉండిపోయింది" అంది డాక్టరమ్మ. "మీ ఆయన ఒళ్లు దాన్ని గుర్తుపట్టి మీద పడింది. ఆ పోట్లాటలోనే లివర్ దెబ్బతిని కళ్లు పచ్చబడ్డాయి, వైరసూ పోయింది. నీకు బహుశా పుట్టినప్పుడే మీ అమ్మనుంచి వచ్చుంటుంది. పసిగుడ్డు ఒంటికి ఏది తనదో, ఏది పరాయిదో ఇంకా తెలీదు. దీన్నీ తనలో కలిపేసుకుంది. లివర్ కణాల్లో ఇది గప్‌చుప్‌గా దాక్కుని, రక్తంలోకి లోపల సరుకు లేని ఉత్త వైరస్ డొల్లల్ని కుప్పలుగా వదుల్తుంది. వాటితో కుస్తీ పట్టీ పట్టీ రక్షణ కణాలు అలిసిపోతాయి."

"అయితే ఆయనకి నానుంచేనా?"

"అయ్యుండొచ్చు" అంది డాక్టరమ్మ, దాచకుండా.

ఇంటికొచ్చాక ఆమె అత్తగారికి తనే చెప్పింది. భోజనాలప్పుడు అత్తగారు కోడలి కంచం విడిగా, తలుపు దగ్గర పెట్టింది. పెయింటర్ తన కంచం తీసుకుని వెళ్లి భార్య పక్కన కూర్చున్నాడు.

"కంచంలోంచి రాదమ్మా. రక్తంలోంచి, కాపురంలోంచి వస్తుంది. నాకు వచ్చి పోయింది, మళ్లీ రాదట. నువ్వు మాత్రం రేపే టీకా వేయించుకో."

అత్తగారు తన కంచంలో అన్నం పెట్టుకుంది. తర్వాత ఆమె కూడా వచ్చి అక్కడే కూర్చుంది.

మర్నాడు కోడలు తన తల్లికి ఫోన్ చేసింది. "నాకేమైందే? నిక్షేపంలా ఉన్నాను" అంది తల్లి.

"నేనూ అదే అన్నానమ్మా. బయల్దేరి రా."

పరీక్షలో తల్లికీ వైరస్ ఉందని తేలింది. కూతురికి ఇప్పట్లో మందులు అక్కర్లేదు, ఆర్నెల్లకోసారి పరీక్ష చాలన్నారు. తల్లి లివర్ మాత్రం గట్టిపడటం మొదలైంది. రోజుకో మాత్ర మొదలుపెట్టారు. ఇద్దరూ ఒకే రోజున వెళ్లి, పక్కపక్క కుర్చీల్లో చేతులు చాపి రక్తం ఇచ్చి వస్తున్నారు.