మగ్గానికి ఎదురుగా

ధర్మవరంలో రియాజ్ పద్దెనిమిదేళ్లు కేబుల్ నడిపాడు. మగ్గాల వీధుల్లో ఏ మిద్దె మీదికి ఏ సందులోంచి వైరు పోతుందో కళ్లు మూసుకుని చెప్పగలడు. అలాంటిది రెండేళ్లలో ఇళ్లు ఒక్కొక్కటే జారిపోయాయి. అందరూ నెట్ పెట్టించుకుని, కావాలన్నప్పుడు కావాల్సిన సినిమా చూసుకుంటున్నారు. స్తంభాల మీద తను లాగిన వైర్లను తనే చుట్టుకుని తెచ్చుకునే రోజులొచ్చాయి.

అప్పుడే హిందూపురం నుంచి చంద్రమోహన్ అనే డీలరు వచ్చి, సబ్బుపెట్టె అంత నల్ల పెట్టె ఒకటి చేతిలో పెట్టాడు.

"టీవీకి తగిలిస్తే చాలు, అన్ని యాప్‌లూ దీంట్లోనే వస్తాయి. ముందర కెమెరా ఉండాది, వీడియో కాల్ చేసుకోవచ్చు. ఇంత తక్కువకు యాడా దొరకదప్పా."

అంత తక్కువకు ఎలా ఇస్తున్నాడో రియాజ్ అడగలేదు. అడిగితే చేతికందిన బతుకుదెరువు పోతుందనిపించింది. నెల తిరక్కుండా అరవై ఇళ్లలో పెట్టాడు.

మొదటిది తిమ్మరాజు ఇంట్లో. ముందుగదిలోనే గుంత మగ్గం, దానికి ఎదురుగా టీవీ. భార్య జయలక్ష్మమ్మ గీసిన కొత్త అంచును ఆయన అప్పుడే నేయడం మొదలుపెట్టాడు. చింతచిగురు మధ్య తూనీగలు.

"బయట ఎవురికీ చెప్పొద్దు రియాజూ. ఇట్లాంటిది ఊళ్లో ఎవురూ నేయలే," అన్నాడు తిమ్మరాజు.

కొన్నాళ్లకు వాళ్ల పక్కింటి అక్కమ్మ నవ్వుతూ ఒక మాట చెప్పింది. "మోకాళ్లు నొస్తాండాయని కోడలితో అంటి. తెల్లారి టీవీ పెడితే మోకాళ్ల నూనె యాడ్ వచ్చె!" రియాజ్ కూడా నవ్వాడు. కానీ ఆమె ఇంట్లో టీవీ కట్టేసి ఉన్నా, పెట్టెలో ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. కరెంటు ఉంటే వెలుగుతుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

ఆ తర్వాతి వారం తిమ్మరాజు రమ్మని కబురు పెట్టాడు. వెళ్లగానే ఫోన్ ముందుకు చాపాడు. తెర మీద అదే చింతచిగురు అంచు. మరమగ్గం చీర, ఆరు రంగుల్లో అమ్మకానికి ఉంది.

"ఎవరైనా చూసి గీసుకుని ఉంటారేమోన్నా," అన్నాడు రియాజ్.

"మూడో తూనీగ చూడు. ఒక రెక్క లేదు. అది నా చేతి తప్పు. ఈమె గీసిన కాగితంలో రెక్క ఉండాది. ఈ తప్పు ఈ మగ్గం మీద తప్ప యాడా లేదు."

జయలక్ష్మమ్మ మగ్గం వైపు చూసింది, తర్వాత పెట్టె వైపు. లేచి దాని మీద తువ్వాలు కప్పింది.

"నేను ఈ గదిలోనే బట్టలు మార్చుకుంటా రియాజూ," అంది.

రియాజ్ ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. బయటికొచ్చి చంద్రమోహన్‌కు ఫోన్ చేస్తే ఆ నంబరే లేదని వచ్చింది. బండి తీసి పెనుకొండ మీదుగా హిందూపురం పోయాడు. అంగడి షట్టరు దించి ఉంది, బోర్డు లేదు.

"నెల కిందటే ఖాళీ చేసినాడు," అన్నాడు ఎదురు టీ బంకు గంగప్ప. "మీ మాదిరే మడకశిర వాళ్లు, పెనుకొండ వాళ్లు వచ్చి పోతాండారు."

మర్నాడు రియాజ్ గోనెసంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. విషయం చెప్పి, పెట్టె ఇచ్చేయమని బతిమాలాడు. కొందరు కెమెరాకు స్టిక్కర్ అంటిస్తామన్నారు.

"స్టిక్కర్ అంటిస్తే చూడదేమో గానీ, వినకుండా ఉంటుందా?" అన్నాడు.

"మా ఇంట్లో వినేదానికి ఏముండాదప్పా?" అంది అక్కమ్మ. "సీరియల్ సగంలో ఉండాది. పో."

సాయంత్రానికి సంచిలో పదకొండు పెట్టెలు పడ్డాయి. మిగతావి ఆ ఇళ్లలోనే ఉండిపోయాయి.

ఇంటికొచ్చేసరికి, కూతురు ఆలియా తన పెళ్లిచూపుల సంగతి తల్లి సుగ్రాతో గుసగుసగా చెబుతోంది. వాళ్ల వెనక టీవీ పక్కన, రియాజ్ తన చేత్తో పెట్టిన పెట్టె ఉంది. దూకినట్టు వెళ్లి ప్లగ్గు పీకేశాడు.

"ఏమైంది నాయనా?" అంది ఆలియా భయంగా.

పెట్టె పెట్టినప్పటి నుంచి ఆ గదిలో ఎవరెవరు ఏమేం మాట్లాడుకున్నారో ఒక్కొక్కటే గుర్తుతెచ్చుకుంటూ, రియాజ్ గోడకానుకుని కూర్చుండిపోయాడు.