పద్దెనిమిది మెట్లు

గోడకు కట్టిన బ్యానరు మీద ‘దివ్యాంగుల శిబిరం’ అని ఉంది. డాక్టర్లు మాత్రం మేడ మీద కూర్చున్నారు. పద్దెనిమిది మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ అయినా లేదు. నడవలేని పిల్లల పరీక్షకు ఆ చోటు వెతికినవాడి బుర్రకు దండం పెట్టాలి.

ఎల్దుర్తి నుంచి వచ్చిన కూలీ ఎల్లం పన్నెండేళ్ల కొడుకుని వీపున వేసుకుని సగం దాకా ఎక్కి జారిపడ్డాడు. పిల్లవాడి పెదవి చిట్లింది. గుమస్తా పైనుంచి తొంగిచూశాడు.

“నీ నెంబరు పిలిచినం, రాలే. మల్ల క్యాంపుకు రా, పో!”

కింద కూతురు సుమనను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న నవోమి అంతా చూసింది. సుమనకు పుట్టుకతోనే మెడ నిలవదు, మూర్ఛలు వస్తాయి. సర్టిఫికెట్టుకు గడువు తీరిందని రెండు నెలలుగా పింఛను ఆపేశారు. పుట్టుకతో వచ్చిన జబ్బుకు గడువేమిటో చెప్పినవాడు లేడు. బీడీలు చుడితే వచ్చేది తిండికే చాలదు. అందుకని నవోమి మూర్ఛ గోలీని సగానికి విరిచి వేస్తోంది. నిన్న ఒక్కరోజే మూడుసార్లు పిల్ల కొట్టుకుంది. ఈరోజు కాగితం రాకపోతే ఆ సగం కూడా లేదు.

“సుమన! పైకి తీస్కరా!” గుమస్తా కేకేశాడు.

“నేనెక్క. డాక్టర్ సారునే దిగి రమ్మనుండ్రి. ఆయినెకు కాళ్లున్నయి గద!” అన్నది నవోమి.

రేగోడ్ నుంచి మూర్ఛలున్న మనవరాలితో వచ్చిన పద్మమ్మ ఆమె కొంగు లాగింది. “ఊకోయే బిడ్డా! ఆళ్లకు కోపమొస్తే ఉన్నది గూడ ఊడగొడ్తరు.”

“ఏమున్నదవ్వా ఊడనీకి? నా బిడ్డకు సగం గోలీ ఏస్తున్న. నీ మనుమరాలికి?”

పద్మమ్మ తల దించుకుంది. “ఆర్నెల్లాయె, అసలే ఏస్తలేను.”

ఆ మాట అన్నాక ముసలామెకు ఇంక భయపడడానికి ఏమీ మిగల్లేదు. మనవరాలితో సహా మొదటి మెట్టు మీద కూలబడింది. ఎల్లం కొడుకుతో రెండో మెట్టు మీద కూర్చున్నాడు. చూస్తుండగానే మెట్లన్నీ తల్లులతో, పిల్లలతో నిండిపోయాయి. “దిగి రాండ్రి!” అన్న అరుపు మేడకెక్కింది.

దిగడానికి డాక్టరుకు తీరిక లేదు గానీ, పోలీసు జీపు రావడానికి గంట కూడా పట్టలేదు.

“నడువమ్మా, నీమీద కేసైతది,” అన్నాడు కానిస్టేబులు.

నవోమి లేచి సుమనను అతని చేతుల్లో పెట్టింది. “తలకింద చెయ్యి పెట్టుండ్రి సారూ, మెడ ఆగదు.”

పిల్ల తల వాలిపోతుంటే అతను కంగారుగా మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. ఎల్లం తన కొడుకుని రెండో కానిస్టేబులు ముందుకు తెచ్చాడు. “మా పోరన్ని గూడ ఎత్తుకోండ్రి. అందరం వస్తం.”

ఇద్దరు పోలీసులు, నలభై మంది పిల్లలు. పైన ధడాలున తలుపు మూసుకుంది.

“మూసుకోనీ,” అన్నది పద్మమ్మ, మెట్టు మీద ఇంకాస్త సర్దుకుని కూర్చుంటూ. “ఆళ్లకు దిగనీకి గూడ గిదొక్కటే తొవ్వ.”