ఆదివారానికల్లా నా ఇష్టం

గౌను అంచును లోపలికి మడిచి, ఆ మడతలో ఇనుప బిళ్ళలు పెట్టి కుడుతున్నాను. బాప్తిస్మపు తొట్టిలో దిగగానే తెల్లగౌను గొడుగులా విచ్చుకుని పైకి తేలుతుంది. ఒకసారి ఒక పెద్దావిడకు అలా తేలితే, కీర్తన పాడుతున్న నోళ్ళే కిసుక్కుమన్నాయి. అప్పటినుంచి బరువు కుట్టే పని నాది. పగలంతా దర్జీ దుకాణంలో ఊరివాళ్ళ బట్టలు, ఇంటికొచ్చాక సంఘానికి గౌన్లు. "దేవుడి పనికి కూలేమిటి?" అన్నారు మావారు, తన చేతులతోనే కుట్టబోతున్నంత ఉదారంగా.

ఈసారి కుడుతున్నది నా కొలతలకే.

మా ఇంట్లో రక్షణ గురించిన వాదన టీ వేళకు మొదలవుతుంది. మామగారు పాత సంఘంలో పాదిరిగా పనిచేసి పదవీ విరమణ చేశారు. రక్షణ పొందేదెవరో లోకం పుట్టకముందే దేవుడు నిర్ణయించేశాడంటారు. "మట్టిముద్ద కుమ్మరికి సలహాలిస్తుందట్రా?" అని కొడుకును వెక్కిరిస్తారు. మావారు చేరింది కొత్త సంఘం. పిలిచేది దేవుడే అయినా పలకాల్సింది మనిషేనంటారు. "గడియ లోపలివైపు ఉంటుంది నాన్నా! మనం తీస్తేనే ఆయనొస్తాడు. తోసుకొచ్చేవాణ్ణి దేవుడనరు, దొంగంటారు." ఇద్దరి మాటలూ ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడి వింటాను. ఒక్క విషయంలో మాత్రం తండ్రీకొడుకులకు ఏనాడూ భేదాభిప్రాయం రాలేదు: టీలో పంచదార తక్కువైంది.

పసిగుడ్డుగా ఉన్నప్పుడు నా నెత్తిన నీళ్ళు చల్లింది మామగారి చెయ్యేనట. నేను గుక్కపట్టి ఏడ్చానట. అది ఒప్పుకోలో అభ్యంతరమో ఎవరూ అడగలేదు. మావారి సంఘంలో ఆ బాప్తిస్మం చెల్లదు. ఊహ తెలిశాక, సొంత ఇష్టంతో మునిగితేనే లెక్క. భార్య మునగనిదే భర్తను సంఘపెద్దగా నిలబెట్టరు.

"ఇది నీ అంతట నువ్వు తీసుకోవాల్సిన నిర్ణయం," అన్నారాయన ఒక రోజు, ఒంటిమీది చొక్కాకే నాచేత గుండీ కుట్టించుకుంటూ. "ఎవరి బలవంతమూ ఉండకూడదు. వచ్చే ఆదివారం."

"ఆదివారమా?"

"పాస్టరుగారికి చెప్పేశాను."

"ఏమని?"

"నువ్వు నిర్ణయించుకున్నావని."

సూది వేలిలో దిగింది. "చూసుకో, చొక్కాకి మరకవుతుంది," అన్నారు.

ఆ కబురు విన్న మామగారు నాతో మాటలు మానేశారు. "దేవుడు ఏర్పరచుకున్నదైతే ఆ నీళ్ళక్కర్లేదు. కానిదైతే ఆ నీళ్ళు నరకాన్ని ఆపవు," అని గోడకు చెప్పారు. అత్తగారు నా పక్కన చేరి గొంతు తగ్గించింది. "పోనీ మునిగెయ్యవే. నీళ్ళేగా, నిప్పు కాదుగా! మీ మామగారి ఇష్టమే నా ఇష్టమనుకున్న రోజునుంచి నాకు కంటినిండా నిద్ర." ఆ కళ్ళకింది నలుపు మాత్రం వేరే సంగతి చెప్పింది.

నాకు దేవుడితో పేచీ లేదు. కుట్టుమిషను చప్పుడులో ఆయనతో మాట్లాడతాను. దారం తెగినప్పుడు ఆగి, వింటాను. అంతా ముందే నిర్ణయమై ఉంటే, నాలో ఈ వెనకడుగును కూడా ఆయనే పెట్టి ఉండాలి. నిర్ణయం నాదే అయితే, నాకన్నా ముందు అది పాస్టరుగారికి ఎలా చేరింది? మామగారి దేవుడు నన్ను అడగనే అడగడు. మావారి దేవుడు అడుగుతాడట, జవాబు మాత్రం మావారి దగ్గర తీసుకుంటాడట. లోపలివైపు గడియ ఉన్న తలుపు ఈ ఇంట్లో నాకు స్నానాలగది ఒక్కటే, దాన్నీ "ఇంకా ఎంతసేపు?" అంటూ దబదబా బాదుతారు. నాదంటూ మిగిలింది ఒకే ఒక్క 'అవును'. ఏదో ఒక రోజు, ఎవరూ తరమకుండా, నా కాళ్ళతో నేనే నడిచి వెళ్ళి దాన్ని దేవుడి చేతిలో పెట్టాలని దాచుకున్నాను. దాన్ని కూడా సంఘపెద్ద కుర్చీకి నాలుగో కాలుగా బిగించేస్తే, ఇక ఆయనకివ్వడానికి నా దగ్గర ఏముంటుంది? కాదంటే ఇల్లు ఊరుకోదు. అవునంటే నేను ఊరుకోలేను. బిళ్ళ వెనక బిళ్ళ పెట్టి, అంచు చుట్టూ కుట్టు పూర్తిచేశాను.

"'అవును' అని గట్టిగా చెప్పు. వెనక బెంచీలకూ వినపడాలి," అన్నారు మావారు ఆదివారం దారిలో.

నడుములోతు నీళ్ళు. గౌను తేలలేదు. నా కుట్టు నన్నే కిందికి లాగింది. గట్టుమీద మావారు తువ్వాలు పట్టుకుని నవ్వుతున్నారు. ముందు వరుసలో అత్తగారు కళ్ళు మూసుకుంది. మామగారు రాలేదు. పాస్టరుగారు నా వీపుకు చెయ్యి ఆనించి, అందరినీ అడిగే ప్రశ్నే అడిగారు. అందరూ ఒకే జవాబిచ్చే ప్రశ్న.

"అమ్మా, నీ సొంత ఇష్టంతోనే వచ్చావా?"

అడిగి, ఆగారు. అది అలవాటుగా అడిగేదే కావచ్చు, అలవాటుగా ఆగేదే కావచ్చు. కానీ పెళ్ళయ్యాక నన్ను ఒక మాట అడిగి, జవాబుకోసం ఎవరైనా ఆగడం అదే మొదలు. ఆ కాస్త నిశ్శబ్దంలో, దారం తెగినప్పటిలా, నేను విన్నాను.

"ఇంకా రాలేదండీ," అన్నాను, వెనక బెంచీలకూ వినపడేలా. "వచ్చిన రోజు నేనే చెబుతాను."