ఖాళీ ఇంటి దరఖాస్తు

"నీ రాత ముత్యాల్లెక్క ఉంటది, నువ్వే రాయి" అన్నాడు రాములు ఫోన్లో. పొగిడితే పని అయిపోతుందని పెళ్లయిన కొత్తలోనే కనిపెట్టిన మనిషి. రాజమణి ఒళ్లోని బీడీల చాట పక్కన పెట్టి, కూతురి పాత నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపింది.

ఎల్లారెడ్డిలో అతనికి నల్లాలు, పైపులు అమ్మే దుకాణం ఉంది. తల్లి శాంతవ్వతో అక్కడే ఉంటాడు. పిల్ల చదువు కోసమని కామారెడ్డిలో కట్టిన ఈ ఇంట్లో రాజమణి ఉంటుంది. పిల్ల హాస్టల్‌కు పోయి ఏడాది దాటినా ఆమెను ఎల్లారెడ్డికి రమ్మన్నవాళ్లు లేరు. ఇల్లు అతని పేరు మీదే ఉంది. మునిసిపాలిటీలో ఆర్నెల్లకోసారి వరసలో నిలబడి పన్ను కట్టేది మాత్రం ఆమె, బీడీలు చేసిన పైసలతో. ఒకసారి ఆ మాటే అంటే శాంతవ్వ, "నీడపట్టున కూసుంటున్నవు గదా, కిరాయి కట్టిన అనుకో" అంది.

ఆర్నెల్లు ఇల్లు ఖాళీగా ఉంటే పన్నులో సగం మాఫీ అవుతుందని ఇప్పుడు రాములుకు ఎవరో చెప్పారు. దరఖాస్తు పెడితే ఆఫీసు మనిషి వచ్చి చూసి పోతాడట.

"మరి నేనుంటున్న గదా?"

"నువ్వుంటే ఏమైతది? నువ్వేమన్న కిరాయిదారువా? రాయి."

రాసింది. 'పై ఇంటిలో గత ఆరు నెలలుగా ఎవరూ నివసించుట లేదు.' ఎవరూ అన్నచోట పెన్ను ఆగింది. జ్వరమొచ్చి నాలుగు రోజులు ఒంటరిగా పడుకున్నది ఈ ఇంట్లోనే. వానకు కారిన కప్పు కింద గిన్నెలు మార్చింది, తనలో తనే మాట్లాడుకున్నది ఈ ఇంట్లోనే. అవన్నీ ఒక్క ముక్కలో కొట్టేసి, తప్పుల్లేకుండా రాసి, కింద అతని సంతకానికి చోటు కూడా వదిలింది. ఏడుపొచ్చింది. కాగితం తడుస్తుందని పక్కకు తిరిగి ఏడ్చింది.

ఆఫీసు మనిషి చూడటానికి వచ్చే రోజున రాములు మొదటి బస్సుకే దిగాడు. చాలా రోజులకు వస్తున్నాడని ఆమె కోడికూర వండింది. అతను గిన్నె మూత తీసి, "వాసన బయటికొస్తది, కిటికీలు మూయి" అన్నాడు. తీగ మీది చీరలు తీయించాడు. తన చెప్పుల్ని తనే దొంగసొత్తులా మంచం కిందికి తోసి, రాజమణి ఎదురింటి ఆమినా దగ్గరికి పోయి తలుపు చాటున నిలబడింది.

"నీ ఇంటికాడ నువ్వే దాక్కునుడేంది అక్కా?" అంది ఆమినా.

బిల్ కలెక్టర్ అబ్రాహాము వచ్చాడు. తలుపుకు రాములు వేసిన తాళం చూశాడు, కిందికి చూశాడు. "ఎవ్వరుండని ఇంటి ముంగట ముగ్గెవరేసిన్రు? ఇంక తడి గూడ ఆరలే!"

పొద్దున్నే పేడనీళ్ల సాన్పు చల్లి ముగ్గేసింది రాజమణే. చేతులకు పద్దెనిమిదేళ్ల అలవాటు. పైగా మొగుడు వస్తున్నాడని రోజూ కన్నా పెద్ద ముగ్గు పెట్టింది.

"పనామె సార్" అన్నాడు రాములు. "అప్పుడప్పుడొచ్చి ఊడ్చి పోతది."

తడుముకుంటాడేమోనని చూసింది. కనీసం ఒక్క గుటక మింగితే, అబద్ధమాడటం కష్టమైంది పాపం అనుకుని ఇంకో పద్దెనిమిదేళ్లు బతికేసేది. అతను తడుముకోలేదు. జేబులోంచి పెన్ను తీసి అబ్రాహాముకు అందించాడు కూడా.

రాజమణి రోడ్డు దాటింది. రాములు కళ్లతోనే ఆపబోయాడు.

"సారూ, ఈ ఇంట్ల నేనుంటున్న. పూరా పన్ను రాసుకోండ్రి."

"నువ్వెవరమ్మా?"

ఆమె మొగుడి వైపు చూసింది. చెప్పడానికి అతనికి చాలినంత సేపు ఇచ్చింది. అతను గోడ వైపు చూస్తున్నాడు.

"ఆయన చెప్పిండు గదా సారూ, పనామెను. ఇయ్యాల్టి సంది పని బందు పెడుతున్న. ఇంట్లయితే ఉంట."