ఇంకోసారి

పోస్టర్ మీద నా పేరు కింద మా అన్నయ్య పేరు చూసి, మొత్తం మళ్ళీ మొదట్నుంచి చదివాను. "ఏడో అధ్యాయం చదివేది బహీగా టీచర్. ఊద్ వాయించేది ఉస్తా ముర్సీ. గురువారం సాయంత్రం, మగ్రిబ్ నమాజు అయ్యాక." తెరచాపల కొట్టు అద్దానికి దాన్ని అతికించారు. ఒకప్పుడు అక్కడ నిజంగానే తెరచాపలు కుట్టేవాళ్ళు. ఇప్పుడు షహీరా అనే పిల్ల దాన్ని పుస్తకాల కొట్టు చేసి, నెలకో గురువారం రాసేవాళ్ళచేత చదివిస్తూ పక్కన ఏదో ఒక వాయిద్యం పెట్టిస్తోంది. మా రేవు పేట అన్ఫూషీ మొత్తంలో చేపల వాసన రాని గది అదొక్కటే గనుక జనం వస్తున్నారని మా అన్నయ్య వాదన.

నేను లోపలికి వెళ్ళి, "ఏడో అధ్యాయం పెట్టమని ఎవరు చెప్పారే నీకు?" అన్నాను.

"అందరూ అదే అడుగుతున్నారు టీచర్. చదివినవాళ్ళంతా ఏడ్చామంటున్నారు."

"సరే, ఊద్‌కి మా అన్నయ్య తప్ప ఊళ్ళో ఇంకెవరూ లేనట్టు ఆయన్నెందుకు లాగావు?"

షహీరా మొహం వెలిగిపోయింది. "నేనే పడవల యార్డుకి వెళ్ళి అడిగాను. ఎంత సంబరపడ్డారో! అన్నాచెల్లెళ్ళు పక్కపక్కన కూర్చుంటే ఎలా ఉంటుందో చూడండి!"

ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. ముప్ఫై రెండేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, ఆ పిల్లకు మాత్రం వద్దని చెప్పలేక బయటికి వచ్చేశాను.

నా బతుకు గురించి నేను రాసిన ఆ పుస్తకంలోని పన్నెండు అధ్యాయాల్లో పదకొండు అన్నయ్యకు చదివి వినిపించాను. నా భర్త పోయిన దగ్గర్నుంచీ ప్రతి శుక్రవారం అన్నయ్య మా ఇంటికే భోజనానికి వస్తాడు. తిన్నాక టీ పెడతాను, ఆయన గుండ్రటి పొట్ట ఉన్న ఊద్‌ను ఒళ్ళో పెట్టుకుని దాని తీగలు బిగించుకుంటుంటాడు, నేను రాసింది చదువుతాను. "బాగుంది పిల్లా" అంటాడు, లేదంటే నిద్రపోతాడు. ఏడోది మాత్రం చదవలేదు. దాన్ని దాటేసి ఎనిమిదికి వెళ్ళిపోయాను. ఆయన లెక్కపెట్టడు. తనంతట తాను చదువుకునే భయం కూడా లేదు. యార్డులో పడవలకు రంగులేసి పేర్లు రాసే ఉస్తా, అంటే మేస్త్రీ, గనుక అక్షరాలు వచ్చు, కానీ పేరు కంటే పొడుగైనదేదీ ఆయన చదవగా నేను చూడలేదు.

ఏడో అధ్యాయంలో ఉన్నది ఇది. నాకు ఎనిమిదేళ్ళు, అన్నయ్యకు పది. పడవను ఒడ్డుకు లాగే తాడు చుట్టుకుని నాన్న కుడిచెయ్యి నలిగిపోయింది. ఇద్దరిలో ఒకరు పనికి పోవాలి. ఆడపిల్లను గనుక డబ్బున్నవాళ్ళ పేట రుష్దీలో ఎవరో అధికారి ఇంట్లో పనికి నన్ను కుదిర్చారు. ఆ సాయంత్రం అన్నయ్య అన్నం ముందు కూర్చుని, "నాకు బడంటే అసహ్యం. మాస్టారు చావగొడుతున్నాడు. నేను యార్డుకి పోతా, దాన్ని బడికి పంపండి" అన్నాడు. నాన్న రెండు తిట్టి ఒప్పుకున్నాడు. తరగతిలో మొదటివాడు అన్నయ్య. ఆ మాస్టారు ఎప్పుడూ అన్నయ్య మీద చెయ్యి ఎత్తలేదు. నాన్నకు అవేవీ తెలియవు. నాకు తెలుసు. ఆ మధ్యాహ్నమే సగం కట్టిన పడవ వెనక, వాచకం పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, వెక్కి వెక్కి ఏడుస్తున్న అన్నయ్యను చూశాను.

యాభై ఏళ్ళుగా ఆయన ఊరందరికీ చెప్పుకునే ముచ్చట ఒక్కటే. "మా ఇంట్లో బుర్రంతా మా చెల్లికే పోయింది. నేను బడి గోడ దూకి పారిపోయిన గాడిదని." అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నవ్విన ప్రతిసారీ ఆ పడవ వెనకున్న పిల్లవాడి మొహం కళ్ళముందుకు వస్తుంది. పుస్తకంలో రాసేస్తే బరువు దిగుతుందనుకున్నాను. రాశాను. దిగలేదు. అంతా తెలిసే ఊరుకున్నానని ఆయనకు తెలిస్తే శుక్రవారాలు పోతాయి. నాకిక ఈ లోకంలో మిగిలింది ఆ శుక్రవారాలే.

నాకు తెలుసని ఒప్పుకున్న ఆ ఒక్క చోటు ఎగరేసి చదువుదామనుకున్నాను. కుదరదు. హజ్ చేసొచ్చిన హాగ్ ఖలఫ్ అని ఒక ముసలాయన ముందు వరసలో కూర్చుంటాడు. ట్రామ్ నడిపి రిటైరయ్యాడు. చదివేవాళ్ళ పుస్తకాన్ని ముందే కొనుక్కుని వచ్చి, ఒళ్ళో తెరిచి వేలు పెట్టి వెంటాడతాడు. పోయిన నెల ఒక కవి రెండు పంక్తులు దాటేస్తే నిండు సభలో, "నాయనా, స్టాపు వదిలేశావు" అన్నాడు. కాబట్టి ఆ మాటలు చదవాలి. వినబడకూడదు, అంతే.

పోయిన శుక్రవారం భోజనమయ్యాక అన్నయ్యతో అన్నాను: "నేను కళ్ళద్దాలు పైకి సర్దుకున్నప్పుడు నువ్వు బాగా గట్టిగా వాయించాలి. నా గొంతు మునిగిపోయినా ఫర్వాలేదు."

"అక్కడేముంది?"

"సముద్రం పొంగుతుంది."

"సముద్రమంటే గట్టిగానే పడాలి మరి." ఆయన ఈకతో తీగల మీద ఒక్క వరస వాయించాడు. గద్ద ఈక అది, ఆయనే చెక్కుకుంటాడు. "ఏదీ, ఆ ముక్క చదువు చూద్దాం."

"గొంతు బాగాలేదు. అక్కడే విందువుగాని."

"పెళ్ళికూతుర్ని ముందే చూపిస్తే ముహూర్తం చెడుతుందనా?" అని పకపకా నవ్వాడు. నేను లేచి టీ గ్లాసులు తీసేశాను.

గురువారం సాయంత్రం కొట్టు నిండిపోయింది. యార్డులో సగం మంది వచ్చారు. అన్నయ్య ఇస్త్రీ చేసిన, కాళ్ళదాకా దిగే కొత్త గలాబియా వేసుకుని, జుట్టుకు నూనె రాసుకుని పెళ్ళికొడుకులా ఉన్నాడు. గోళ్ళ చివర్ల మాత్రం నీలం రంగు అలాగే ఉంది. "ఏంటే అలా వణుకుతున్నావ్? పరీక్ష రాస్తున్నావా?" అన్నాడు నా చెవిలో. "వాళ్ళు మనవాళ్ళేలే. నచ్చకపోతే గుడ్లు విసరరు, ధర పెరిగింది."

చదవడం మొదలుపెట్టాను. మొదటి పేజీ నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది. నాన్న చెయ్యి నలిగిన చోట అన్నయ్య తీగల్ని మెల్లగా మీటుతూ నా మాటలకు జాగా ఇచ్చాడు. నేను ఊపిరి తీస్తే ఆయన పలికేవాడు, నేను మాట్లాడితే తగ్గేవాడు. ఆ మాటలు తన ఇంటివే అని తెలుస్తూనే ఉంది, తల ఊపుతున్నాడు. "అల్లాహ్!" అన్నారు వెనక ఎవరో, మెచ్చుకుంటూ. హాగ్ ఖలఫ్ వేలు నా వెంటే వస్తోంది. నా చంకల్లో చెమట కారి జాకెట్ తడిసింది.

అన్నయ్య అన్నం ముందు కూర్చుని బడంటే అసహ్యమన్న చోటికి వచ్చాను. యార్డువాళ్ళు నవ్వారు. ఈ ముచ్చట వాళ్ళు వందసార్లు విన్నదే. అన్నయ్య కూడా నవ్వుతూ వాళ్ళ వైపు కన్ను కొట్టాడు. తర్వాతి మాటలు అవే. కళ్ళద్దాలు సర్దుకున్నాను.

ఆయన వాయించాడు చూడండి, ఆ కొట్టులో పాత తెరచాపలన్నీ ఒక్కసారి గాలికి లేచాయేమో అనిపించింది. ఈక కంటికి కనబడనంత వేగం. నేను ఆ హోరు కింద తల వంచుకుని, నాలిక చివరతో ఆ మూడు ముక్కలు గొణిగి, పేజీ తిప్పేశాను. అయిపోయింది. బతికాను అనుకున్నాను.

"ఇంకోసారి!" అని అరిచాడు హాగ్ ఖలఫ్. చెయ్యి పైకెత్తి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. "నీ చేతికి దిష్టి తగలకుండా, ఇంకోసారి ఆ చోటు!"

"ఇంకోసారి! ఇంకోసారి!" అంది కొట్టంతా.

ముసలాయన అడిగింది వాయిద్యాన్ని. అది నాకు తెలుసు, కొట్టులో అందరికీ తెలుసు. తెలియనిది అన్నయ్య ఒక్కడికే. నలభై ఏళ్ళుగా పెళ్ళిళ్ళలో పాడేవాళ్ళ పక్కన వాయించిన మనిషి ఆయన. ఇంకోసారి అన్న కేక ఎప్పుడూ పాడేవాళ్ళదే, పక్కవాడిది కాదు. కేక వినబడగానే తీగల మీద అరచెయ్యి వేసి ఆపి, గొంతుకు దారి వదలాలి. ఆయన అదే చేశాడు. తీగలు నొక్కిపెట్టి, తల వంచి, చేత్తో నన్ను చూపించాడు.

"నిన్నే పిల్లా. చదువు."

"కాదు ఉస్తా, నీ వాయింపు," అనబోయాడు హాగ్ ఖలఫ్.

"ఊరుకో హాగ్. తీగలదేముంది? మాట ముందు." అన్నయ్య నావైపు తిరిగాడు. మొహం నిండా గర్వం. "నేనే గోల చేసి ముంచేశాను, నాకూ వినబడలేదు. ఈసారి చెయ్యి కదపను. నెమ్మదిగా చదువు."

దానికి ముందున్న వాక్యం చదివేయొచ్చు. ఎవరూ కాదనరు. హాగ్ ఖలఫ్ కూడా అనడు, ఆయన వేలు ఎప్పుడో పేజీ మీంచి లేచిపోయింది. ఆ వాక్యం మీద నా కన్ను కూడా పడింది. అప్పుడు అన్నయ్యను చూశాను. తనకొచ్చిన మెచ్చుకోలు తనదని కూడా తెలియకుండా నాకు ఇచ్చేసి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మళ్ళీ పక్కకు జరిగాడు. మళ్ళీ నాకోసమే. నాకు సిగ్గేసింది. ఎనిమిదేళ్ళప్పుడు సిగ్గు తెలియలేదు. యాభై ఎనిమిదేళ్ళకు కూడా తెలియకపోతే ఎట్లా?

చదివాను. "అన్నయ్య అబద్ధం ఆడుతున్నాడని నాకు తెలుసు. నాకు బడి కావాలి. అందుకని నోరు మూసుకున్నాను."

ఈసారి ఎవరూ అల్లాహ్ అనలేదు. వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. యార్డువాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, అందరూ కలిసి అన్నయ్య వైపు చూశారు. నేను చూడలేకపోయాను. పేజీ మీద అక్షరాలు అలుక్కుపోయాయి.

"ఇంకోసారి," అన్నాడు అన్నయ్య.

ఆ గొంతులో ఏముందో నాకు తెలియలేదు. కోపమేమో. నేను పేజీ మీంచి తల ఎత్తకపోతే ఆయన ఊద్‌ను కింద ఆనించి, నా చేతిలోంచి పుస్తకం తీసుకున్నాడు. దూరంగా పట్టుకున్నాడు, దగ్గరగా పట్టుకున్నాడు. చివరికి నా కళ్ళద్దాలు నా ముక్కు మీంచి తీసి తను పెట్టుకున్నాడు. ఒకరిద్దరు నవ్వబోయి ఆపుకున్నారు.

"ఎక్కడుందది?"

చూపించాను. నీలం రంగు అంటిన గోరు ఆ మాటల కింద ఆనించి, కొత్త పడవకు పేరు రాసేటప్పుడు ఎలా రాస్తాడో అలా, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని, ఆగి, మళ్ళీ వెనక్కి వెళ్ళి, గట్టిగా బయటికి చదివాడు. "అన్నయ్య... అబద్ధం... ఆడుతున్నాడని..." మూడు చిన్న వాక్యాలకు ఎంతసేపు పట్టిందో. మధ్యలో ఒక్కరూ దగ్గలేదు. "నోరు మూసుకున్నాను" అనే దగ్గరికి వచ్చాక గోరు అక్కడే ఆగిపోయింది.

"సరిగ్గానే చదివానా, టీచరమ్మా?"

"ఒక్క తప్పు కూడా లేదు," అన్నాను. నేను ఏడుస్తున్నాను, దాచుకోలేదు.

"అంటే ఆ మధ్యాహ్నం పడవ వెనక నన్ను చూశావన్నమాట."

"చూశాను."

"అయితే ఇన్నేళ్ళూ నా గాడిద కథకి ఉత్తుత్తినే నవ్వావు."

"నవ్వాను అన్నయ్యా."

ఆయన వేళ్ళ మధ్య ఉన్న ఈకను ఆ పేజీలో గుర్తుగా పెట్టి, పుస్తకం మూసి, చంకలో పెట్టుకున్నాడు.

హాగ్ ఖలఫ్ ఇక ఆగలేకపోయాడు. "మరి మిగతాది, ఉస్తా?"

"మిగతాది రేపు భోజనమయ్యాక నేనే చదువుకుంటా హాగ్. నెమ్మదిగా." అన్నయ్య నా కళ్ళద్దాలు తీసి తన గలాబియా అంచుతో తుడిచి నా ఒళ్ళో పెట్టాడు. "తప్పులొస్తే దిద్దడానికి మనిషుందిగా."

ఈక పుస్తకంలోనే ఉండిపోయింది గనుక ఆ సాయంత్రం ఊద్ ఇంక మోగలేదు.