తొమ్మిదో రంగు

పదకొండేళ్లుగా ఆమె ముఖాలు కడుగుతోంది. పొద్దున్నే గిన్నెలు కడగడం అయ్యాక చేతులు తుడుచుకుని కంప్యూటరు ముందు కూర్చుంటే, కెమెరా పని చేసే మొగుడు తీసుకొచ్చిన వీడియోల్లో ముఖాలన్నీ పాచి పట్టినట్టు ఉంటాయి. పెళ్లికూతురూ అంతే, ఫ్యాక్టరీ యజమానీ అంతే. ఒక్కొక్క ముఖం మీద ఆకుపచ్చ దించి, బుగ్గల్లోకి కాస్త నెత్తురు ఎక్కించి పంపిస్తుంది. పేరు మొగుడికి. "నువ్వు చేసేదేముంది, మీటలు నొక్కడమేగా" అంటాడు. అత్తగారు ఇంకో మెట్టు పైన. "నీడపట్టున కూర్చునే పని. అదృష్టవంతురాలివి." అదృష్టం కాబట్టి జీతం లేదు.

ఆ ముఖాల రోగం ఎక్కడుందో ఆమెకు తెలుసు. మొగుడు సొంతంగా తయారుచేసుకున్న లైటులో ఉంది. కొట్లో అన్నిటికన్నా ఎక్కువ వెలుగిచ్చే ఎల్‌ఈడీలు ఏవని అడిగి, నలభై తెచ్చి రేకు మీద బిగించాడు. వేస్తే కళ్లు చెదురుతాయి. ఆ మనిషికి అంతకన్నా ఏం కావాలి? రెండుసార్లు చెప్పి చూసింది. "కెమెరా పట్టినవాడికి తెలియదా?" అన్నాడు. మూడోసారి చెప్పలేదు.

చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గర బండారం బయటపడింది. విద్యార్థుల పాఠాల కోసం రోగుల చర్మాన్ని వీడియో తీయించాలనుకుంది ఆవిడ. ఏడాది పొడుగునా పని. మొదటి వీడియో చూసి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇందులో కొత్త ఎర్రమచ్చ ఏది, మానిపోయిన మచ్చ ఏది? రెండూ మట్టిరంగే. ఇది చూసి నేర్చుకున్నవాడు రోగి ప్రాణం తీస్తాడు. సోమవారం ఇంకోసారి చూస్తాను. అదే ఆఖరు."

మొగుడు ఇంటికొచ్చి, కూరలో ఉప్పు తగ్గింది వెయ్యమన్నంత తేలిగ్గా, "రంగు సరిచేసెయ్" అన్నాడు. ఆమె పూటంతా కూర్చుంది. మచ్చలో ఎరుపు పెంచితే గోరూ ఎర్రబడింది, దుప్పటీ ఎర్రబడింది, వెనక గోడా ఎర్రబడింది. బావిలో ఉంటేగా చేదలోకి వచ్చేది.

"నా వల్ల కాదు. ఈ లైటులో ఎరుపే లేదు."

"పదకొండేళ్లు చేశావు, ఇప్పుడేమొచ్చింది రోగం?"

పదకొండేళ్లని ఆయన నోట రావడం అదే మొదలు.

మర్నాడు ఆమే కొట్టుకు వెళ్లింది. కొట్టాయన తల ఎత్తకుండానే, "మీ ఆయన్ని పంపండమ్మా, ఇవి ఇంట్లో పెట్టుకునే బల్బులు కావు" అన్నాడు.

"ఆయన కొన్నవాటి వివరాల కాగితం ఒకటివ్వండి. వాటికన్నా వెలుగు తక్కువైనా పర్లేదు, రంగు బాగా చూపించేవాటి కాగితం ఇంకోటి."

"వెలుగు తక్కువవి అడిగిన మొదటి మనిషి మీరే" అని నవ్వుతూ రెండూ తీసిచ్చాడు.

నిలబడే చదివింది. రంగుల నాణ్యతకు ఒక అంకె ఉంటుంది. ఎనిమిది లేత రంగులను ఆ లైటు ఎంత నిజంగా చూపిస్తుందో పరీక్షించి సగటు కడతారు. మొగుడు కొన్నవాటికి ఆ అంకె నూటికి ఎనభై. బాగానే ఉందనిపిస్తుంది ఎవరికైనా. ముదురు ఎరుపు తొమ్మిదోది, అది సగటులోకి రాదు. దాని లెక్క విడిగా, కాగితం అడుగున, చీమ తలంత అక్షరాల్లో ఉంది. సున్నా. ఆ సున్నాని ఆమె చాలాసేపు చూసింది. ఇల్లు చల్లగా ఉంది, వ్యాపారం బాగుంది, సంసారం బాగుందని లోకం కట్టే సగటు కూడా ఇలాంటిదే కదా, ఎవరు ఆ లెక్కలో లేరో చూడాలంటే అడుగుదాకా చదవాలి, అడుగుదాకా చదివే ఓపిక ఎవరికుంది, అనుకుంది. రెండో కాగితంలో సగటు తొంభై ఆరు, ఎరుపు తొంభై. వెలుగు మాత్రం మూడో వంతు తక్కువ.

"రెండు రకాలూ ఒక్కొక్కటి వెలిగించండి."

చెయ్యి చాపింది. మణికట్టు మీద మొన్న పెనం కాల్చిన మచ్చ. మొదటిదాని కింద అది మసి మరకలా ఉంది. రెండోదాని కింద ఎర్రగా, పచ్చిగా, మండుతున్నట్టే కనిపించింది. కొట్టాయన నవ్వు ఆగిపోయింది. "బర్నాల్ రాయండమ్మా" అన్నాడు.

పన్నెండు తీసుకుంది. ఇవి బాగా వేడెక్కితే రంగు మారి చస్తాయని కాగితమే చెప్పింది కాబట్టి మందపాటి అల్యూమినియం పలక మీద అతికించి, వెనక పాత కంప్యూటరు ఫ్యాను బిగించింది. అత్తగారు గుమ్మంలోంచి చూసి, "ఇంట్లో పని తక్కువైనట్టుంది" అంది. మొగుడు, "పన్నెండా? గుడ్డి దీపం" అన్నాడు. సోమవారం మాత్రం ఆమెతోపాటు ఆస్పత్రికి రెండు లైట్లూ మోసుకొచ్చాడు. ముందు తనదే వేశాడు. డాక్టరమ్మ మొహం చిట్లించింది.

ఆమె తన లైటు దగ్గరగా జరిపి స్విచ్చి వేసింది.

పరీక్షబల్ల మీద పడుకున్న ముసలామె మోచేతి మచ్చలు కెమెరా తెరమీద లేచాయి. పాతవి మట్టిరంగులో, వాటి అంచున కొత్తవి, చిగురు ఎరుపులో. డాక్టరమ్మ తెరకు ముక్కు ఆనేంత వంగింది.

"ఇదీ! ఇదే నాకు కావలసింది."

ముసలామె తల తిప్పి చూసుకుని, "ఇంత దురద పెడుతుంటే ఏమీ కనబడ్డం లేదంటాడు మా అబ్బాయి. తీసుకెళ్లి చూపించండి వాడికి" అంది.

"మేమే తయారుచేశాం మేడమ్" అన్నాడు మొగుడు.

"నలభై ఉన్నదాన్లో కనబడనిది, పన్నెండు ఉన్నదాన్లో ఎలా కనబడింది?"

మొగుడు తన లైటు తీగ చుట్టడం మొదలుపెట్టాడు. ఆమె చెప్పింది. సగటు గురించి, ఎరుపు గురించి, వేడి గురించి. డాక్టరమ్మ మధ్యలో రెండు ప్రశ్నలు వేసి, జవాబులు రాసుకుంది.

"సరే. వచ్చే వారం నుంచి మొదలుపెడదాం. ఇద్దరూ వస్తారుగా?"

"నేను వస్తాను మేడమ్" అన్నాడు మొగుడు. "ఆవిడకి ఇంట్లో పని ఉంటుంది."

ఆమె స్విచ్చి ఆపి, పలక చల్లారిందో లేదో వేలితో తాకి చూసింది.

"ఇంట్లో పని ఆయన చూసుకుంటారు డాక్టరు గారూ. నేను వస్తాను."