కాపడం

అంజనప్ప వెంకటేశులు ఎడమ పాదాన్ని ఎత్తి మగ్గం తొక్కుడు చెక్క మీద ఆనించి, పట్టీ బిగించాడు. హిందూపురంలోని ఈ ఫిజియోథెరపీ గదిలో పదకొండేళ్లుగా అతని పని ఇదే, కదలని కాళ్లను కదిలించడం. అంతకు ముందు ధర్మవరంలో ఇరవై ఏళ్లు చీరలు నేశాడు. వెంకటేశులూ నేతగాడే. పెనుకొండ దగ్గర ఆటో బోల్తాపడి వెన్ను దెబ్బతింది.

నడుముకు కరెంటు ఒక్కటే పెట్టినా, కసరత్తు ఒక్కటే చేయించినా చాలదని, రెండూ కలిసి జరగాలని డాక్టర్ రాధిక అంటుంది. నేతగాడి కాలికి మగ్గం కన్నా తెలిసిన కసరత్తు ఏముంటుందని అంజనప్పే ఈ చెక్కలు చేయించాడు.

"తొక్కప్పా. చీర సగంలో ఉండాదనుకో."

బొటనవేలు కదిలింది. చెక్క వేలెడంత దిగింది. రాధిక కరెంటు ఆపి మళ్లీ తొక్కమంది. మళ్లీ దిగింది! ఆరు నెలల తర్వాత!

వెంకటేశులు భార్య చాముండేశ్వరి ఏడుస్తూ నవ్వింది. "అన్నా, నువ్వు చెప్పినట్లే పది దినాలుగా కాపడం పెడతాండా. సూడు, ఎట్ల పని చేసిండాదో!" అంటూ మొగుడి పైజామా పైకి లాగింది.

పిక్క మీద అరచేయంత మేర చర్మం కాలి నల్లబడి ఉంది. అంచుల్లో చీము.

"నాకేం నొప్పి ల్యాదే," అన్నాడు వెంకటేశులు, ఎవరి కాలినో చూస్తున్నట్టు.

అంజనప్ప వంగి చూశాడు. పొద్దుగూకి మగ్గం గుంటలోంచి లేచిన ప్రతి నేతగాడికీ పెళ్లాం ఇటుక కాచి, గుడ్డలో చుట్టి పిక్కలకు పెడుతుంది. చుర్రుమంటే మొగుడు అరుస్తాడు, ఆమె తీసేస్తుంది. ఆ అలవాటు కొద్దీ ఒకనాడు గేటు దగ్గర చాముండేశ్వరికీ కాపడం పెట్టమని చెప్పేశాడు. ఈ కాలు అరవలేదన్న సంగతి పదకొండేళ్ల పనివాడికి గుర్తు రాలేదు.

"ఎవరమ్మా పెట్టమన్నది?" అనడిగింది రాధిక.

చాముండేశ్వరి అంజనప్ప ముఖంలోకి ఒక్కసారి చూసింది. "ఎవురూ చెప్పల్యా మేడం. నేనే పెట్టినా."

అంజనప్ప తల వంచుకుని పాదం పట్టీ విప్పాడు. అంబులెన్స్ వచ్చి వాళ్లను అనంతపురం తీసుకుపోయింది.

నాలుగో రోజు రాధికకు ఫోన్ వచ్చింది. విషం ఒంటికెక్కకుండా ఎడమకాలు మోకాలి కిందికి తీసేశారట.

"ఆయమ్మ కాదు మేడం. చెప్పింది నేను," అన్నాడు అంజనప్ప. రాధిక ఏదో అనేలోగా మెట్లు దిగి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ పనిలోకి రాలేదు.

బల్ల కింద వెంకటేశులు ఎడమకాలి చెప్పు ఉండిపోయింది. స్పర్శ లేని పాదం నుంచి జారిపోకుండా చాముండేశ్వరి పట్టు అంచు ముక్కతో కుట్టిన పట్టీ దాని మడమ దగ్గర అలాగే ఉంది.